రేవు లేని కొమ్ము

ఐస్‌లాండ్ పటం తీసి చూస్తే ముందుగా కంటికి తగిలేది వాయవ్య మూల. మిగతా దేశమంతా కాస్త గుండ్రంగా, ఒద్దికగా ఉంటుంది. ఆ మూల మాత్రం వేళ్ళు విప్పిన చేతిలా సముద్రంలోకి చాచుకుని ఉంటుంది. దాన్ని వెస్ట్‌ఫ్యోర్డ్స్ అంటారు. ఆ చేతిని దేశంతో కలిపే మణికట్టు వెడల్పు బాగా సన్నబడిన చోట ఏడు కిలోమీటర్లే. చేతికి ఉత్తరాన ఉన్న చివరి వేలు పేరు హార్న్‌స్ట్రాండిర్. 'హార్న్' అంటే కొమ్ము, 'స్ట్రాండిర్' అంటే తీరాలు. కొమ్ము తీరాలన్నమాట. రక్షిత ప్రాంతంగా గీసిన హద్దుల్లో దీని విస్తీర్ణం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. ఉత్తరపు కొస నుంచి ఆర్కిటిక్ వలయం పది పదకొండు కిలోమీటర్ల దూరమే. ఇంత నేల మీద ఏడాది పొడుగునా కాపురం ఉండే మనిషి ఒక్కరూ లేరు. ఊళ్ళను కలిపే రోడ్డు లేదు, కరెంటు తీగ లేదు, దుకాణం లేదు.

తెలుగులో ద్వీపకల్పం అంటే ద్వీపానికి కాస్త తక్కువది, ద్వీపంలాంటిది అని అర్థం. హార్న్‌స్ట్రాండిర్‌కు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. దక్షిణపు హద్దు దగ్గర పడమటి నుంచి హ్రాఫ్న్‌ఫ్యోర్దుర్, తూర్పు నుంచి ఫురుఫ్యోర్దుర్ అనే రెండు సముద్రపు పాయలు ఎదురెదురుగా చొచ్చుకొచ్చి, మధ్యలో ఒక కనుమను మాత్రం మిగిల్చాయి. ఆ కనుమకు దక్షిణాన ద్రాంగాయోకుల్ హిమానీనదం అడ్డం కూర్చుని ఉంది. పటం మీద నేలతో కలిసే ఉన్నా, ఇక్కడికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ పడవెక్కే వస్తారు.

ఇది ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే తేలిగ్గా దొరికే జవాబు చలి. ఉత్తర ధ్రువానికి అంత దగ్గర, మంచు, కొండలు, ఇక మనిషి ఎలా ఉంటాడు అంటారు. ఆ జవాబుతో ఒక చిక్కుంది. ఇక్కడ దాదాపు వెయ్యేళ్ళు మనుషులు బతికారు. ఆ వెయ్యేళ్ళలో ఇప్పటికన్నా చలి ముదిరిన శతాబ్దాలున్నాయి. అప్పుడు కదలని జనం 20వ శతాబ్దం మధ్యలో, చలి కాస్త మెత్తబడ్డాక, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. చివరి కుటుంబాలు వెళ్ళింది 1952లో. కాబట్టి వాతావరణం మీద నెపం వేస్తే కథ సగమే తెలుస్తుంది. మిగతా సగం తీరం ఆకారంలో, ఆ తీరానికి వచ్చే పడవ బరువులో ఉంది.

ముందు రాయి సంగతి. ఐస్‌లాండ్ మొత్తం సముద్రగర్భం నుంచి ఉబికిన లావాతో ఏర్పడింది. అట్లాంటిక్ నడుమ భూమి పైపొర చీలే గీత ఈ దేశం మధ్య నుంచే పోతుంది. చీలిక అటూ ఇటూ కలిపి ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. జరిగే కొద్దీ పాత రాయి అంచులకు చేరుతుంది. అందుకే దేశంలో అన్నిటికన్నా పాత రాళ్ళు వెస్ట్‌ఫ్యోర్డ్స్‌లో ఉన్నాయి. వాటి వయసు 1.4 కోట్ల నుంచి 1.6 కోట్ల సంవత్సరాలు. భూగోళం లెక్కలో ఇది నిన్నమొన్నటి సంగతే అయినా ఐస్‌లాండ్‌కు మాత్రం ఇవే ముత్తాతలు. ఇక్కడ అగ్నిపర్వతాలు ఎప్పుడో చల్లారిపోయాయి. కొండల పక్కలను చూస్తే నల్లటి బసాల్ట్ పొరలు అట్ల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అక్కడక్కడ రెండు పొరల మధ్య సన్నటి ఎర్ర గీత కనిపిస్తుంది. ఒక లావా ప్రవాహానికీ తర్వాతి దానికీ మధ్య దొరికిన తీరికలో ఏర్పడిన మట్టి అది. ఆ కాలంలో ఇక్కడ ఇప్పటికన్నా వెచ్చగా ఉండేది, అడవులు పెరిగాయి. వాటి ఆకుల అచ్చులు, బొగ్గుగా మారిన చెక్క వెస్ట్‌ఫ్యోర్డ్స్ పొరల మధ్య ఇప్పటికీ దొరుకుతాయి.

లావా పేర్చిన దాన్ని మంచు చెక్కింది. హిమయుగాల్లో మంచునదులు పీఠభూమిని గిన్నెలు గిన్నెలుగా తొలిచి, లోయలను లోతుగా తవ్వి సముద్రానికి దారి చేశాయి. మంచు కరిగాక ఆ లోయల్లోకి ఉప్పునీళ్ళు వచ్చి చేరాయి. అలా ఏర్పడిన సన్నటి పొడవాటి సముద్రపు పాయనే ఫ్యోర్డ్ అంటారు. ఆ తవ్వకం ముగిశాక హార్న్‌స్ట్రాండిర్‌లో మిగిలింది గోడల్లాంటి కొండలు, వాటి పాదాల దగ్గర చారెడు చదును. చదును అన్నది ఇక్కడ బంగారంలాంటిది. గడ్డి పెరగాలన్నా, ఇల్లు కట్టాలన్నా ఆ చారెడు చోటే దిక్కు. పాత కమతాలన్నీ సరిగ్గా అక్కడే, లోయ మూతుల దగ్గరో అఖాతం ఒడ్డునో ఉండేవి. ఒక కమతం నుంచి ఇంకో కమతానికి పోవాలంటే మధ్యలో కనుమ ఎక్కి దిగాలి. కొన్ని కనుమల్లో జూలై నెలలో కూడా మంచు పేరుకునే ఉంటుంది.

ఈ కొమ్ముకు రెండు ముఖాలున్నాయి. కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

దక్షిణ ముఖం యోకుల్‌ఫిర్దిర్ వైపు. ఆ పేరుకు హిమానీనదపు ఫ్యోర్డ్‌లని అర్థం. ఐదు పాయలు ఒక అరచేతిలో కలిసినట్టు కలుస్తాయి. చుట్టూ కొండలు కాపలా ఉండటంతో అక్కడి నీళ్ళు బయటి సముద్రంతో పోలిస్తే నెమ్మది. ఐదింటిలో ఒకదాని పేరు వేదిలేయ్‌సుఫ్యోర్దుర్, అంటే వేట దొరకని ఫ్యోర్డ్. పేరు పెట్టినవాళ్ళు ఎంత విసిగిపోయి ఉంటారో ఆ పేరే చెబుతుంది. ఊళ్ళ పేర్లలో పొగడ్తలే ఎక్కువ కనిపించే లోకంలో ఇలా నిజం చెప్పే పేరు అరుదు.

ఉత్తర ముఖం నేరుగా గ్రీన్‌లాండ్ సముద్రం వైపు. ఇక్కడ హార్న్‌వీక్ అనే అఖాతం ఉంది. 'వీక్' అంటే అఖాతమే. దానికి తూర్పు గట్టున హార్న్‌బ్యార్గ్, పడమటి గట్టున హైలావీకుర్‌బ్యార్గ్ అనే కొండచరియలు. రెండూ 500 మీటర్లు దాటిన ఎత్తు. హార్న్‌బ్యార్గ్ శిఖరం కాల్వాతిందర్ 534 మీటర్లు. నేల వైపు నుంచి పోతే అది చరియలా కనిపించదు. పచ్చగడ్డి వాలు మెల్లగా పైకి లేస్తూ పోతుంది. పైకి చేరాక ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. అవతల కింద సముద్రం, గాలిలో లక్షల పక్షులు. కొండలో సగాన్ని ఎవరో కత్తితో కోసి పట్టుకుపోయినట్టు ఉంటుంది. కోసింది అలలే. మంచు ఒకవైపు నుంచి తొలిచిన కొండను సముద్రం రెండోవైపు నుంచి కొరుకుతూ వచ్చింది.

ఆ సముద్రం కూడా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహపు పాయ ఒకటి పడమటి తీరం వెంట పైకి వచ్చి, వెస్ట్‌ఫ్యోర్డ్స్‌ను చుట్టి తూర్పుకు తిరుగుతుంది. దానికి ఎదురుగా, ఆర్కిటిక్ నుంచి తూర్పు గ్రీన్‌లాండ్ ప్రవాహం చల్లటి నీటినీ మంచు పలకలనూ మోసుకుంటూ కిందికి దిగుతుంది. గ్రీన్‌లాండ్‌కూ ఈ మూలకూ మధ్య డెన్మార్క్ జలసంధి వెడల్పు దాదాపు 300 కిలోమీటర్లే. వెచ్చటి నీరూ చల్లటి నీరూ కలిసే చోట చేప పుష్కలం. గాలి దిశ మారితే మాత్రం మంచు పలకలు తీరానికి వచ్చి అఖాతాలను మూసేస్తాయి. వేసవి మొదట్లో అలా జరిగితే పడవ కదలదు, గడ్డి మొలవదు, పశువుకు మేత ఉండదు. పాతకాలపు ఐస్‌లాండ్‌లో కరువు చాలాసార్లు ఈ మంచు పలకల వెంటే వచ్చింది.

మంచుతోపాటు కొన్నిసార్లు తెల్ల ఎలుగుబంటి కూడా వస్తుంది. ఐస్‌లాండ్‌లో ఆ జంతువు పుట్టి పెరగదు. గ్రీన్‌లాండ్ వైపు నుంచి మంచు పలక మీద కొట్టుకొచ్చో ఈదుకుంటూనో చేరుతుంది. 2011 మే నెలలో హార్న్‌వీక్ దగ్గర్లోని రేకావీక్‌లో ఒకదాన్ని కాల్చి చంపారు. 2024 సెప్టెంబరులో యోకుల్‌ఫిర్దిర్ దక్షిణపు ఒడ్డున ఒక వేసవి ఇంటి దగ్గరికి ఇంకొకటి వచ్చింది. దానికీ అదే గతి పట్టింది.

అదే ప్రవాహం మోసుకొచ్చే ఇంకో సరుకు కలప. చెట్టనేదే లేని ఈ తీరాల్లో ఒడ్డున దుంగలు గుట్టలుగా పడి ఉండటం చూసి కొత్తవాళ్ళు తెల్లబోతారు. సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చిన దుంగలు ఆర్కిటిక్ మంచులో ఇరుక్కుని, ఏళ్ళ తరబడి మంచుతోపాటే ప్రయాణించి ఇక్కడ ఒడ్డుకు పడతాయి. మంచు లేకపోతే ఆ కలప నీరు పీల్చుకుని దారిలోనే మునిగిపోయేది. అంటే కరువు తెచ్చే మంచే ఇంటికి దూలాలు కూడా తెచ్చిపెట్టేది. ఉప్పులో నాని గట్టిపడ్డ ఆ చెక్కకు ఎంత విలువంటే, ఏ ఒడ్డున పడిన దుంగ ఎవరికి చెందాలో మధ్యయుగాల నాటి చట్టాల్లోనే రాసుకున్నారు.

ఈ సరంజామాతోనే వెయ్యేళ్ళ బతుకు సాగింది. కాసిని గొర్రెలు, ఒకటీ అరా ఆవు, చారెడు చదునులో కోసి ఎండబెట్టిన గడ్డి, సముద్రంలో కాడ్ చేప, ఒడ్డున కలప. వసంతం చివర్లో చరియల మీది గుడ్లు. శీతాకాలం ముగిసేసరికి ఇంట్లో నిల్వలు అడుగంటేవి. సరిగ్గా అప్పుడు గిల్లెమాట్ పక్షులు వచ్చి చరియల అరుగుల మీద గుడ్లు పెట్టేవి. అది గూడు కట్టదు, ఉత్త రాతి మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. నడుముకు తాడు కట్టుకుని ఒక మనిషి వేలాడుతూ దిగితే, పైన ఐదారుగురు తాడు పట్టుకునేవాళ్ళు. ప్రాణాలతో పందెం లాంటి పని. కానీ దక్షిణాది సారవంతమైన జిల్లాల్లో గడ్డి పండని ఏడు తిండికి అల్లాడితే, ఇక్కడ ఒకటి పోయినా రెండోది ఆదుకునేది. నేలా, సముద్రమూ, కొండా మూడూ ఒక్కసారిగా చేతులెత్తేసిన ఏడే అసలు కష్టం. ఒక రకంగా ఇది బీదది అనడానికి వీల్లేని ప్రాంతం.

మరి తేడా ఎక్కడొచ్చింది? పడవ దగ్గర.

పాతకాలపు చేపల పడవ ఆరు తెడ్ల పడవ. పైకప్పు ఉండదు, బరువు తక్కువ. సముద్రం నుంచి తిరిగొచ్చాక ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి దాన్ని గులకరాళ్ళ ఒడ్డు మీదికి లాగేసేవాళ్ళు. ఆ పడవకు రేవు అక్కర్లేదు. అలలు కాస్త తగ్గిన చోటు, లాగడానికి చేతులు ఉంటే చాలు. అప్పటి లెక్కలో చేపకు ఎంత దగ్గరుంటే అంత లాభం, ఎందుకంటే తెడ్డు వేసి పోగలిగే దూరం కొద్దిదే. ఆ లెక్కలో హార్న్‌స్ట్రాండిర్‌ది మంచి చోటు. సముద్రం గుమ్మంలోనే ఉంది.

1902లో ఈసాఫ్యోర్దుర్ అనే పట్నంలో ఒక ఆరు తెడ్ల పడవకు మోటారు బిగించారు. ఐస్‌లాండ్‌లో మోటారుతో నడిచిన మొదటి చేపల పడవ అదే. హార్న్‌స్ట్రాండిర్ నుంచి చూస్తే అఖాతానికి అవతలి ఒడ్డున జరిగిన పని. మోటారు వచ్చాక దూరానికి విలువ పోయింది. గంటల ప్రయాణం తగ్గింది. మోటారు పడవ పెద్దదవుతూ, బరువెక్కుతూ పోయింది. దాన్ని రోజూ రాళ్ళ మీదికి లాగలేరు. నీళ్ళలోనే కట్టేయాలి. అంటే రేవు కావాలి, గాలికీ అలకూ కొండ చాటు కావాలి, చేపను దింపి ఉప్పు పట్టించే షెడ్లు కావాలి.

ఈసాఫ్యోర్దుర్‌కు ప్రకృతి అదంతా ముందే ఇచ్చిపెట్టింది. ఆ పట్నం ఒక ఫ్యోర్డ్ మధ్యలోకి కొక్కెంలా వంగిన గులకరాళ్ళ తిన్నె మీద ఉంది. ఆ తిన్నె వెనక నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. హార్న్‌వీక్ నోరు మాత్రం ఉత్తరానికి తెరుచుకుని ఉంది. పడమటన అదాల్‌వీక్ వెడల్పైన అఖాతమే గానీ బయటి సముద్రానికి ఎదురొడ్డి ఉంటుంది. ఇన్నాళ్ళూ పెద్దగా అడ్డు కాని తీరం ఆకారం ఒక్క తరంలో అడ్డంకి అయి కూర్చుంది. భూగోళ పాఠాల్లో "ప్రకృతి సిద్ధమైన ఓడరేవు" అని చదివేస్తాం గానీ, ఏ పడవకు ప్రకృతి సిద్ధం అన్న ప్రశ్న అందులో దాగి ఉంటుంది.

దీనికి ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది. దక్షిణ ముఖంలో చాటైన నీళ్ళున్నాయి కదా, అక్కడి హెస్టేరి ఎందుకు ఖాళీ అయింది? హెస్టేరి అక్కడి పెద్ద ఊరు. 1894లో నార్వే వాళ్ళు దాని పక్కనే తిమింగలాల నూనె తీసే కేంద్రం పెట్టారు. అది నడిచిన కాలంలో ఊరికి కళ వచ్చింది. 1901లో కట్టిన డాక్టరు ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. తిమింగలాలు తరిగిపోయాయి, 1915లో ఐస్‌లాండ్ వాటి వేటను నిషేధించింది. 1920లలో అదే చోట హెర్రింగ్ చేపల నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ వచ్చింది. అదీ 1940లో మూతపడింది. ఇటుక పొగగొట్టం ఒంటరిగా మిగిలింది. అంటే హెస్టేరికి నీళ్ళ చాటు ఉన్నా ఊరిని నిలబెట్టిన ఆదాయం బయటి కంపెనీది. ఆ కంపెనీ పోతే చుట్టూ ఆధారంగా నిలబడే పల్లెలు కావాలి. ఉత్తర ముఖంలో ఆ పల్లెలు అప్పటికే సన్నగిల్లుతున్నాయి.

అదే 1940 మే నెలలో బ్రిటన్ సైన్యం ఐస్‌లాండ్‌లో దిగింది. రాజధాని రేక్యావీక్‌లో బ్యారక్‌లు, రోడ్లు, విమానాశ్రయాల పనులు మొదలయ్యాయి. రోజుకు ఇంత అని చేతికి డబ్బు వచ్చే కూలి దొరికింది. యువకులు వెళ్ళారు. ఇక్కడ అసలు కీలకం ఉంది. ఊరు నిలవాలంటే ఇంతమంది ఉండాలని ఎక్కడా రాసి ఉండదు గానీ, ఆ సంఖ్య ఒకటి ఉంటుంది. పడవను ఒడ్డుకు లాగడానికి ఆరుగురు, చరియ మీద తాడు పట్టడానికి ఐదారుగురు, బడి నడవడానికి కాసిని పిల్లలు. ఆ లెక్క కిందికి పడ్డాక ఉండాలనుకున్న కుటుంబం కూడా ఉండలేదు. అందుకే ఇక్కడ వలస చివర్లో ఒకరి తర్వాత ఒకరుగా కాక, ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయినట్టు సాగింది. 1952 నాటికి హార్న్‌స్ట్రాండిర్‌లో పంచాయతీ లాంటి పాలనా విభాగమైన స్లేట్టుహ్రేప్పుర్ ఖాళీ. పదేళ్ళకు, 1962లో, పక్కనున్న గ్రున్నవీక్ జిల్లా కూడా అదే బాట పట్టింది.

చలే కారణమైతే పక్క ఊళ్ళూ ఖాళీ కావాలి. ఈసాఫ్యోర్దుర్‌లో కొండలు ఎంత ఎత్తంటే, శీతాకాలంలో రెండు నెలల పాటు ఊళ్ళో ఎండ పొడే పడదు. జనవరి 25 ప్రాంతంలో సూర్యుడు మళ్ళీ కొండ మీద తొంగి చూస్తే కాఫీ, పాన్‌కేకులతో పండగ చేసుకుంటారు. 1995 జనవరిలో సూదవీక్ మీద మంచుచరియ పడి 14 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో ఫ్లాటేరిలో 20 మంది. అయినా ఆ ఊళ్ళు ఖాళీ కాలేదు. సూదవీక్‌ను కొంచెం అవతల క్షేమమైన చోట మళ్ళీ కట్టుకున్నారు, ఫ్లాటేరి పైన కొండ వాలులో మట్టికట్టలు పోశారు. వాటికి రేవుంది, రోడ్డుంది, కరెంటుంది. ప్రమాదం ఉన్న చోట మనిషి ఉంటాడు. దారి లేని చోట ఉండడు.

1952 తర్వాత కథలో ఒక విచిత్రం జరిగింది. జనం వెళ్ళిపోయాక రోడ్డు వచ్చింది. అమెరికా సైన్యం 1950లలో అదాల్‌వీక్ దగ్గరి స్ట్రోమ్‌నెస్ కొండ మీద రాడార్ కేంద్రం కట్టింది. కొండపైకి బండ్లు ఎక్కే దారి వేసింది. ఊరున్నప్పుడు ఎవరూ వేయని దారి అది. కొద్ది ఏళ్ళకే ఆ కేంద్రాన్నీ వదిలేశారు. కాంక్రీటు గోడలు ఇప్పటికీ గాలికి నిలబడి ఉన్నాయి. తూర్పున లౌత్రావీక్ దగ్గర 1930లో కట్టిన దీపస్తంభంలో మాత్రం కాపలాదారు కుటుంబాలు 1995 దాకా ఉన్నాయి. దీపం తనంతట తానే వెలిగే ఏర్పాటు వచ్చాక వాళ్ళూ దిగిపోయారు. కాబట్టి 1952 నుంచి నిర్జనం అనే మాట కాగితం మీద నిజం. ఒక దీపం, దాని పక్కన ఒక వంటిల్లు మరో నలభై ఏళ్ళు వెలుగుతూనే ఉన్నాయి.

మనుషులకన్నా పెద్ద మార్పు తెచ్చింది గొర్రెలు వెళ్ళిపోవడం. ఐస్‌లాండ్ నేలను వెయ్యేళ్ళుగా మేసి మేసి పలచన చేసింది గొర్రే. ఇక్కడ అది లేకపోయేసరికి వాగుల పక్కన ఆంజెలికా అనే మొక్క మనిషి ఛాతీ ఎత్తు పెరుగుతోంది, అడవి జెరేనియం లోయల్ని ఊదా రంగుతో నింపుతోంది. పూలమొక్కలు, ఫెర్న్‌లు కలిపి దాదాపు 260 జాతులు గుర్తించారు. పాత కమతం ఎక్కడుందో కనిపెట్టడానికి గోడలు వెతకనక్కర్లేదు. తరాల తరబడి ఎరువు పడ్డ నేల కనుక అక్కడ గడ్డి చుట్టుపక్కల కన్నా చిక్కగా ఉంటుంది.

1975లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1994 నుంచి ఇందులో ఆర్కిటిక్ నక్కను వేటాడటం కూడా నిషిద్ధం. మిగతా దేశంలో గొర్రెపిల్లల శత్రువని దాన్ని ఇప్పటికీ వేటాడతారు, చంపినవాళ్ళకు సొమ్ము కూడా ఇస్తారు. మనిషి రాకముందు నుంచీ ఐస్‌లాండ్‌లో ఉన్న నేల క్షీరదం అదొక్కటే. హిమయుగం చివర్లో మంచు మీదుగా నడిచొచ్చిందని అంటారు. చరియల కింద రాలిన గుడ్లు, పక్షి పిల్లలు దానికి వేసవి భోజనం. వెనక్కి చూస్తే ఒకప్పుడు తాడు కట్టుకుని దిగిన మనుషుల వాటా ఇప్పుడు నక్కకు చేరిందనుకోవాలి.

పర్యాటక కరపత్రాల్లో దీన్ని "చేయి పడని ప్రకృతి" అని రాస్తుంటారు. అది తప్పు. ఇక్కడ చేయి పడని అడుగు నేల లేదు, ఆ చేయి తీసేశారంతే. పైగా పూర్తిగా తీయలేదు కూడా. భూమిలో చాలా భాగం వెళ్ళిపోయినవాళ్ళ వారసులదే. ఇళ్ళు బాగుచేసుకుని వేసవిలో కొన్ని వారాలు వచ్చి ఉంటారు. డాక్టరు ఇంట్లో అప్పుడు కాఫీ, తినుబండారాలు దొరుకుతాయి. హెస్టేరి చర్చిని మాత్రం విప్పి సూదవీక్‌కు తీసుకెళ్ళారు, ఇప్పుడది అక్కడి ఊరి చర్చి.

జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా ఈసాఫ్యోర్దుర్, బోలుంగర్‌వీక్‌ల నుంచి నడక యాత్రికులతో పడవలు వస్తాయి. మోటారు బలమైనది, హెస్టేరి చేరడానికి గంట చాలు. హార్న్‌వీక్‌కు పోయే పడవ మాత్రం ఒడ్డుకు తగలదు. అఖాతంలోనే ఆగుతుంది. సంచులతో సహా మనుషుల్ని చిన్న రబ్బరు పడవలోకి దింపి, ఇద్దరు ముగ్గురు నీళ్ళలో నిలబడి దాన్ని ఇసుక మీదికి లాగుతారు. ఉత్తరపు గాలి గట్టిగా ఉన్న రోజున అదీ కుదరదు.